పదిమందీ లేచే పది నిమిషాలు

నడుం నొప్పి లేని ఇల్లు మీ వీధిలో ఒక్కటి చూపించండి. నాట్లకెళ్ళే అత్తకుంది, బీడీలు చుట్టే కోడలికుంది. మిల్లులో బస్తాలు మోసే పెదనాన్నకుంది, ఆర్టీసీ బస్సు నడిపే బాబాయికుంది. ఏ బరువూ ఎత్తకుండా ఏసీ గదిలో కుర్చీకి అతుక్కుపోయిన సాఫ్ట్‌వేర్ అల్లుడికి వీళ్ళందరికంటే చిన్న వయసులోనే వచ్చింది. ఇంతమందిదైన బాధను మనం ఇప్పటికీ ఎవరి మంచం మీద వాళ్ళం, ఎవరి మూలుగు వాళ్ళం అన్నట్టు భరిస్తున్నాం. పైరుకు తెగులొస్తే పదిమంది రైతులం గట్టు మీద చేరి మాట్లాడుకుంటాం. కూలి రేటు తగ్గిస్తే సంఘం పెట్టి కొట్లాడతాం. నడుం దగ్గరికొచ్చేసరికి మాత్రం తలుపేసుకుని అమృతాంజనం రాసుకుంటాం.

ఆ తలుపులు తీయండి, బయటికి రండి అని పిలవడానికే ఈ సందేశం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క వినండి. 2020లో ప్రపంచం మొత్తమ్మీద 61.9 కోట్ల మంది నడుం నొప్పితో ఉన్నారు. 2050 నాటికి అది 84.3 కోట్లకు చేరుతుందని అంచనా. మనిషిని కాలూచెయ్యీ ఆడకుండా చేసి మామూలు బతుకుకు దూరం చేసే సమస్యల్లో ప్రపంచంలో మొదటి స్థానం దీనిదే. అయినా గుండెపోటుకు భయపడినట్టు దీనికి ఎవరూ భయపడరు. ప్రాణం తీయదు కదా అంటారు. ప్రాణం తీయదు, నిజమే. కూలి తీస్తుంది. నిద్ర తీస్తుంది. నలభై ఏళ్ళకే మనిషి చేత 'ఇక నా వల్ల కాదులే' అనిపిస్తుంది. ఇంట్లో ఒకరు ఆ మాట అన్న రోజున వాళ్ళ పని ఇంకొకరి నడుం మీద పడుతుంది. అందుకే ఇది ఏ ఒక్కరి జబ్బూ కాదు.

ముందు భయం సంగతి తేల్చుకుందాం. నడుం నొప్పుల్లో నూటికి తొంభై వరకు, ఫలానా ఎముకో ఫలానా నరమో చెడిపోయిందని వేలు పెట్టి చూపించలేని నొప్పులే. కానీ మనకు స్కానింగంటే గురి ఎక్కువ. ఎమ్మారై ఫిల్ములు సంచీలో పెట్టుకుని బస్సెక్కి ఊరూరా తిరుగుతాం. రిపోర్టులో డిస్కు ఉబ్బిందని ఒక ముక్క ఉంటే చాలు, బతుకు అయిపోయిందనుకుంటాం. అసలు ఏ నొప్పీ లేనివాళ్ళ స్కానింగులను పోగేసి చూసిన ఒక పెద్ద పరిశీలన 2015లో వచ్చింది. ఇరవై ఏళ్ళ వయసువాళ్ళలోనే నూటికి ముప్ఫై మందికి డిస్కు ఉబ్బి ఉంది. ఎనభై ఏళ్ళ వాళ్ళలో నూటికి ఎనభై నలుగురికి ఉంది. వాళ్ళెవరికీ నొప్పి లేదు! వయసుతోపాటు వెన్నులో వచ్చే మార్పుల్లో అదొకటి, అంతే. అది తెలియక వంగడం మానేసినవాళ్ళు, నడక మానేసినవాళ్ళు మన ఊళ్ళనిండా ఉన్నారు. డిస్కు చేసిన చెరుపు కంటే ఆ భయం చేసిన చెరుపే ఎక్కువని నా నమ్మకం.

రెండో అడ్డంకి మంచం. 'నడుం పట్టేసింది, కదలకుండా పడుకో' అన్న సలహా తాతల నాటిది. నిన్నమొన్నటిదాకా డాక్టర్లూ అదే చెప్పారు. ఫిన్లాండ్‌లో హెల్సింకీ నగర ఉద్యోగుల మీద జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 1995లో బయటికొచ్చాయి. హఠాత్తుగా నడుం పట్టేసిన 186 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టును రెండు రోజులు మంచం దిగవద్దన్నారు. ఒక జట్టుకు నడుం వ్యాయామాలు నేర్పారు. మూడో జట్టుతో మాత్రం, ఓర్చుకోగలిగినంత మేరకు మీ రోజువారీ పనులు మీరు చేసుకోండి అన్నారు. అందరికంటే బాగా తేరుకున్నది ఆ మూడో జట్టు. అందరికంటే వెనకబడ్డది మంచం పట్టిన జట్టు. ఇందులో నాలాంటి వ్యాయామ ప్రచారకులకూ ఒక చురక ఉంది. పట్టేసిన మొదటి రెండు మూడు రోజులు కసరత్తుకు దిగక్కర్లేదు. లేచి ఇంట్లో తిరగడం, తన కాఫీ తనే కలుపుకోవడం, వీధి మలుపుదాకా వెళ్ళి రావడం, ఆ రోజులకు అదే వ్యాయామం.

మరి ఇన్నాళ్ళూ మందులూ మాకులూ పనిచేశాయే అంటారా? హఠాత్తుగా వచ్చిన పట్టు చాలామందిలో కొద్ది వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఆ సమయానికి ఎవరి చెయ్యి నడుం మీద ఉంటే పేరు వాళ్ళది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం మీద తొక్కించుకోవడం మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నదే. ఆ కాళ్ళకు వచ్చిన ఖ్యాతి ఇలా వచ్చిందే. సూదిమందు సంగతీ, బెల్టు సంగతీ చాలావరకు అంతే. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుం నొప్పి మీద తొలిసారిగా మార్గదర్శకాలు విడుదల చేసింది. చేయమన్నవాటిలో వ్యాయామం ఉంది, నొప్పి గురించి మనిషికి అర్థమయ్యేలా చెప్పడం ఉంది. మామూలుగా వాడొద్దన్నవాటిలో నడుం బెల్టులున్నాయి, బరువులు కట్టి లాగే ట్రాక్షన్ ఉంది. నొప్పి మాత్ర నాలుగు రోజులు వేసుకుంటే కొంప మునగదు. పనికి పోయేముందు ఒకటి, పడుకునేముందు ఒకటి చొప్పున నెలల తరబడి మింగేవాళ్ళు మాత్రం కడుపునూ కిడ్నీలనూ పణంగా పెడుతున్నారు. ఆ మాట మందుల షాపులో ఎవరూ చెప్పరు. మనమే ఒకరికొకరం చెప్పుకోవాలి.

కదిలితే ఎందుకు మేలు? మన వెన్నుపూసల మధ్య మెత్తల్లా 23 డిస్కులుంటాయి. పెద్దయ్యాక వాటి లోపలికి రక్తనాళాలు పోవు. పక్కనున్న ఎముక నుంచి పోషకాలు ఊరుతూ చేరాల్సిందే. పగలు మన బరువుకు వాటిలోని నీరు కొంత బయటికి పోతుంది, రాత్రి నడుం వాల్చాక మళ్ళీ లోపలికి చేరుతుంది. బిందెలో ముంచిన గుడ్డ పిండి వదిలితేనే కొత్త నీరు పీల్చుకున్నట్టు, ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటేనే డిస్కుకు తిండి అందుతుంది. గంటల తరబడి ఒకే తీరున ఉండిపోతే అందదు. అది మడిలో వంగి ఉండటమైనా, కుర్చీలో జారగిలబడి ఉండటమైనా ఒకటే.

ఇంకో సంగతి. వెన్నెముక తనంతట తాను నిలబడలేదు. పొట్ట, వీపు, పక్కలు, పిరుదులు, ఈ నాలుగు చోట్ల కండరాలూ పట్టి నిలబెడితేనే నిలబడుతుంది. అవి నీరసిస్తే మోసే బరువంతా కీళ్ళ మీద పడుతుంది. 'రోజంతా ఒళ్ళు హూనం చేసుకుంటున్నాం, మళ్ళీ వ్యాయామం కూడానా' అని కూలిపనివాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే పని అవే కండరాలను ఒకే దిక్కుకు వేలసార్లు లాగుతుంది. పని ముట్టుకోని దిక్కుకు ఒంటిని తిప్పడమే వ్యాయామం. రోజంతా ముందుకు వంగేవాళ్ళు వెనక్కి వంగాలి. రోజంతా కూర్చునేవాళ్ళు లేచి నడవాలి.

వచ్చిన నొప్పి పోవడం ఒక ఎత్తు, మళ్ళీ రాకపోవడం ఒక ఎత్తు. ఒకసారి పట్టి తగ్గినవాళ్ళలో పదిమందికి ఏడుగురిని ఏడాది తిరక్కుండానే మళ్ళీ పలకరిస్తుంది. ఆస్ట్రేలియాలో అలా తేరుకున్న 701 మందిని తీసుకున్నారు. కొందరికి ఫిజియోథెరపిస్టు చేత చెప్పించి, కొంచెంకొంచెంగా పెంచుకుంటూ, ఆరు నెలలకు వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున నడిచేలా చేశారు. మిగతావాళ్ళను వాళ్ళ మానాన వదిలేశారు. 2024లో ఫలితం చెప్పారు. వదిలేసిన జట్టులో సగంమందికి నొప్పి తిరిగొచ్చేసరికి 112 రోజులు పడితే, నడిచిన జట్టులో 208 రోజులు పట్టింది. ఒక జత చెప్పులు తప్ప ఇందులో ఖర్చేముంది? అంతకుముందు 2016లో, ముప్ఫై వేల మందికి పైగా పాల్గొన్న 21 పరీక్షలను కలిపి బేరీజు వేశారు. వ్యాయామం చేస్తూ, నడుం గురించి తెలుసుకున్నవాళ్ళకు ఏడాదిలో నొప్పి వచ్చే ప్రమాదం నూటికి 45 వంతులు తగ్గింది. బెల్టుల వల్ల గానీ, చెప్పుల్లో వేసుకునే మెత్తల వల్ల గానీ అలాంటి లాభం కనిపించలేదు. అదే పరిశీలనలో చేదు మాట కూడా ఒకటుంది: ఏడాది దాటాక వ్యాయామం ఒక్కటే ఇచ్చిన రక్షణ నిలవలేదు. నిలవకపోవడంలో వింతేముంది? మానేసిన కసరత్తు ఎవరి నడుమునూ కాయదు.

నా అసలు మాట ఇక్కడ మొదలవుతుంది. ఏం చేయాలో తెలియక మనం చెడటం లేదు. మొదలుపెట్టి మానేసి చెడుతున్నాం. ఒంటరి మనిషి మానేయడానికి వంద సాకులు: ముసురు, చుట్టాలు, నిద్ర. పదిమందిలో ఉన్న మనిషికి అంత సులువుగా సాకు దొరకదు. చీటీ పాటకు రాకపోతే కబురొస్తుంది. డ్వాక్రా సమావేశానికి రాకపోతే సంఘం లీడరు గుమ్మంలోకొచ్చి పిలుస్తుంది. భజనకు రాని తబలా ఆయన కోసం పిల్లాణ్ణి పంపుతారు. వ్యాయామానికి రాకపోతే మాత్రం ఎవరూ పిలవరు. అది మనకింకా పదిమంది పని కాలేదు. ఇవాళ్టి నుంచి కావాలి.

నాట్ల ముఠాను చూడండి. ఎకరం ఇంతని గుత్తకు తీసుకుని, వరసగా నిలబడి, వెనక్కి జరుగుతూ నాటుతారు. మధ్యలో ఒకామె నడుమెత్తితే ఆమె వంతు అక్కడే నిలిచిపోతుంది, పక్కనున్నామె చురచుర చూస్తుంది. అందుకే ప్రాణం పోతున్నా ఎవరూ లేవరు. అదే ముఠా పెద్ద అరగంటకోసారి 'లేవండే అమ్మా' అని కేకేస్తే? అందరూ ఒక్కసారే లేస్తారు. రెండు చేతులూ నడుం మీద ఆనించుకుని ఐదుసార్లు వెనక్కి వాలి, మళ్ళీ వంగుతారు. పట్టేది ఒక్క నిమిషం. ఎవరి వంతూ వెనకబడదు, ఎవరూ మాట పడరు. ఒక్కరు చేస్తే ఒళ్ళొంగనితనంగా కనిపించేది అందరూ చేస్తే పద్ధతి అవుతుంది. బీడీ చుట్టే అక్కచెల్లెళ్ళ కష్టం ఇంకో రకం. వెయ్యి బీడీలకింత అని లెక్క కాబట్టి లేచిన నిమిషమల్లా డబ్బులు పోయిన నిమిషమే. అయినా నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఒకే వాకిట్లో నలుగురైదుగురు చాటలు ముందేసుకుని కూర్చుంటారు కదా, టీవీలో సీరియల్ ఆగి ప్రకటనలొచ్చిన ప్రతిసారీ చాట పక్కన పెట్టి అందరూ లేవాలని ఒక కట్టుబాటు పెట్టుకోండి. సబ్బుల కంపెనీ మన ఒంటికి చేసే మేలు అదొక్కటైనా ఉంటుంది.

ఇది సాధ్యమేనా అంటే, జపాన్ తొంభై ఏళ్ళకు పైగా చేస్తోంది. 1928లో అక్కడ రేడియోలో సంగీతంతో కలిపి చిన్న వ్యాయామ కార్యక్రమం మొదలుపెట్టారు. యుద్ధం తర్వాత కొన్నాళ్ళు ఆగిపోయినా, 1951లో మళ్ళీ ఎత్తుకున్నారు. ఇవాళ్టికీ ఉదయం ఆరున్నరకు ఆ పియానో వినిపిస్తే పార్కుల్లో ముసలివాళ్ళు, సెలవుల్లో పిల్లలు, షిఫ్టుకు ముందు కార్మికులు చేతులు చాపుతారు. వేసవి సెలవుల్లో పిల్లలకు ఒక కార్డు ఇస్తారు, వచ్చిన ప్రతిరోజూ దానిమీద ఒక ముద్ర పడుతుంది. ఒక్కో వ్యాయామం నిడివి మూడు నిమిషాలే. అక్కడెవరూ తమను తాము ఉత్సాహపరచుకోనక్కర్లేదు. వేళయింది, పాట మోగింది, లేచారు. మనకు మైకులకు కరువా? తెల్లారకముందే గుడి మైకు పాడుతుంది, పంచాయతీ మైకు పన్నులు కట్టమంటుంది. దానికి ఇంకో ఐదు నిమిషాలు పని చెప్పలేమా?

మనం కూడగలమా అన్న అనుమానం కూడా అక్కర్లేదు. 2025 జూన్ 21న విశాఖ సముద్రతీరంలో మూడు లక్షల మందికి పైగా ఒకేసారి ఆసనాలు వేశారు. గొప్ప సంగతే. నా దిగులల్లా జూన్ 22 గురించి. ఆ చాపలన్నీ ఇప్పుడెక్కడున్నాయి? ఏడాదికో పొద్దున మూడు లక్షల మంది కంటే, మూడు వందల పొద్దుల్లో వీధికో పదిమంది మనకు కావాలి.

ఇక ఆ పది నిమిషాల్లో ఏం చేయాలో చెబుతాను. మొదటి రెండు నిమిషాలు నిలబడ్డచోటే నడక. మోకాళ్ళు ఎత్తుతూ, చేతులు ఊపుతూ, ఒళ్ళు వెచ్చబడేదాకా. తర్వాత పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, అరచేతులు నడుం వెనక ఆనించి, మోకాళ్ళు వంచకుండా మెల్లగా వెనక్కి వాలి తిరిగి రావాలి. పదిసార్లు. చాప పరుచుకునే వీలుంటే బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ ఎత్తినా అదే పని. న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ ఇలాంటి కదలికలతోనే ప్రపంచానికి తెలిశాడు. మన భుజంగాసనం దానికి దగ్గరి చుట్టమే.

చాప మీదే ఇంకో మూడు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకు ఆనించి, పిరుదులు బిగించి నడుమెత్తాలి. ఐదు లెక్కపెట్టి దించాలి. సేతుబంధమంటే ఇదే. తర్వాత అరచేతులూ మోకాళ్ళూ నేలకానించి నిలబడి, కుడిచెయ్యి ముందుకూ ఎడమకాలు వెనక్కూ చాపి, వీపు ఊగకుండా పది లెక్కపెట్టాలి. ఆనక ఎడమచెయ్యి, కుడికాలు. చూడటానికి తేలిక. చేస్తే తెలుస్తుంది. మూడోది, పక్కకు ఒరిగి మోచెయ్యీ మోకాలూ ఆధారంగా నడుమును నేలమీంచి లేపి పట్టడం, రెండు వైపులా. ఈ చివరి రెండూ కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు వెన్నును పరిశోధించిన స్టూవర్ట్ మెక్‌గిల్ ముఖ్యంగా ఎంచిన మూడింటిలోవి. ఎంతసేపు బిగబట్టగలమని పంతాలు వద్దు, పది క్షణాల చొప్పున ఎక్కువసార్లు చేయండి అని ఆయన మాట.

ఆఖరున గుంజీళ్ళు. కిందనుంచి బరువు లేపేవాడికి నడుమును కాచేవి తొడలే. మాస్టారు శిక్షగా తీయించాడు గనుక మనకు గుంజీళ్ళంటే చిన్నచూపు. వినాయకుడి ముందు మాత్రం నవ్వుకుంటూ తీస్తాం. మోకాళ్ళు సహకరించనివాళ్ళు కుర్చీలో కూర్చుని, చేతులు ఊనకుండా లేవడం పదిసార్లు చేస్తే చాలు. పది నిమిషాలూ అయిపోయాయి. నడక దీనికి అదనం, దాన్ని ఎవరికి వీలైన వేళ వాళ్ళు పెట్టుకోవచ్చు.

వేళ గురించి ఒక హెచ్చరిక. రాత్రంతా నీరు పీల్చుకున్న డిస్కులు లేవగానే బిర్రుగా ఉంటాయి. పొద్దున లేచిన తొలి వేళల్లో ముందుకు వంగడం తగ్గించుకున్నవాళ్ళకు నొప్పి తగ్గిందని 1998 నాటి అధ్యయనం ఒకటి చెప్పింది. మన ఆడవాళ్ళు సరిగ్గా ఆ వేళలోనే వాకిలి ఊడుస్తారు, కళ్ళాపి చల్లుతారు, వంగి ముగ్గేస్తారు. ముగ్గు మానమనడం లేదు. పొయ్యి దగ్గర నిలబడి చేసే పనులు ముందు పెట్టుకుని, వంగే పనులు ఆనక చేసుకోమంటున్నాను. వాకిలి చీపురుకు పొడుగాటి కర్ర బిగించమంటున్నాను. ఆ కర్ర బిగించాల్సింది ఎవరో ఇంట్లోని మగవాళ్ళు ఆలోచించుకోండి.

పదిమందిలో చేసేటప్పుడు పోటీ పుడుతుంది. ముందు నిలబడి చేయించేవాళ్ళు దాన్ని మొదటి రోజే తుంచేయాలి. తిప్పలు పడి పక్కవాళ్ళంత వంగక్కర్లేదు. కండరం తీపు పెడితే భయం లేదు. కాల్లోకి దిగే నొప్పి ఉన్నవాళ్ళు ఒక గుర్తు పెట్టుకోవాలి: ఏదైనా కదలికతో ఆ నొప్పి పైకి, నడుం వైపు సర్దుకుంటే మంచిదే; కిందికి, పాదం వైపు పాకితే ఆ కదలిక అక్కడితో ఆపేయాలి. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళు ముందుకు వంగే ఆసనాలు వేయకూడదు. గర్భిణులు డాక్టరును అడిగాకే రావాలి.

ఇంకొన్ని లక్షణాలున్నాయి. వాటికి వ్యాయామం కాదు, ఆసుపత్రి కావాలి. మూత్రం మీదా విరేచనం మీదా అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు బలం తప్పి పాదం ఈడుస్తున్నా ఆ రోజే తీసుకెళ్ళాలి, తెల్లారేదాకా ఆగకూడదు. నొప్పితోపాటు జ్వరం, ఒళ్ళు చిక్కిపోవడం, రాత్రిళ్ళు నిద్రలేపే పోటు ఉంటే ఆలస్యం చేయకండి. వెన్నుకు వచ్చే క్షయ మన దేశంలో ఇంకా పోలేదు. కిందపడి దెబ్బ తగిలినవాళ్ళు, ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళు కూడా ముందు డాక్టరుకు చూపించుకోవాలి. సంఘంలో వ్యాయామం చేయించే ప్రతి మనిషికీ ఈ జాబితా నోటికి వచ్చి ఉండాలి.

ఇక్కడ యజమానులతో కూడా నాకు పనుంది. వ్యాయామం పేరు చెప్పి బాధ్యతంతా కష్టపడేవాడి నెత్తిన రుద్దడం నాకు ఒప్పుదల కాదు. కోస్తా రైతు నోట బస్తా అంటే 75 కిలోల లెక్క. కొనుగోలు కేంద్రాల్లో ఇప్పుడు 40 కిలోల చొప్పున నింపుతున్నారు. సంచీ చిన్నదైతే ధాన్యం ఏం తరిగిపోయింది? కాలిఫోర్నియా పొలాల్లో ఒకప్పుడు కూలీలకు పొట్టి పిడి పార ఇచ్చేవారు. దాంతో తవ్వాలంటే పొద్దస్తమానం రెండుగా ముడుచుకుని ఉండాల్సిందే. పొడుగు పిడి ఇస్తే పంట పాడవుతుందని భూస్వాములు వాదించారు. కూలీలు కలిసి కోర్టుకెక్కారు, డాక్టర్లు వాళ్ళ వెన్నుల గతేమిటో సాక్ష్యం చెప్పారు. 1975లో ఆ పారను నిషేధించారు. పంటలు నిక్షేపంగా పండాయి. అటువంటి పొట్టి పిడి పనిముట్లు మన చేతుల్లో ఎన్ని లేవు? కలుపు తీసే తొలిక, పారిశుధ్య కార్మికుల చీపురు, రోడ్డు పనిలో పార. హమాలీ సంఘాలు, వ్యవసాయ కూలి సంఘాలు, మున్సిపల్ కార్మికుల సంఘాలు కూలి రేటుతోపాటు పిడి పొడుగు గురించీ, బస్తా తూకం గురించీ అడగాలి. అదే నోటితో, మొదటి లారీకి ముందు ఐదు నిమిషాలు ఒళ్ళు వెచ్చబరుచుకోవడానికి వేళ కావాలనీ అడగాలి. ఎనుమాముల మార్కెట్లోనో గుంటూరు మిర్చి యార్డులోనో ఒక్క ముఠా మొదలుపెడితే పక్క ముఠా చూస్తుంది.

ఆఫీసులవాళ్ళకు ఎక్కువ చెప్పను, వాళ్ళ దగ్గర సమాచారం దండిగా ఉంది. కేంద్ర ఆయుష్ శాఖ ఉద్యోగుల కోసమే ఐదు నిమిషాల యోగా విరామం ఒకటి తయారుచేసి పెట్టింది. కావలసింది ముందు లేచే మేనేజరు. ఆయన కూర్చుని ఉంటే కిందివాళ్ళెవరూ లేవరు. బడుల విషయంలో మాత్రం నాకు కోపముంది. పదో తరగతి రాగానే డ్రిల్లు పీరియడు లెక్కల మాస్టారికి ధారపోస్తారు. పుస్తకాల సంచీ మోసే ఆ లేత నడుము ముప్ఫై ఏళ్ళు కుర్చీలో కూర్చోబోతోంది. దానికి నిలబడటం నేర్పేది ఆ ఒక్క పీరియడే. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల గురించి అడిగే ముందు దాని గురించి అడగండి. దుబాయ్ క్యాంపుల్లో ఒకే గదిలో ఉంటున్న మన కరీంనగర్ తమ్ముళ్ళకు వేరే సంఘమే అక్కర్లేదు. గదే సంఘం.

ఆడవాళ్ళు రాలేరని ముందే తీర్మానించకండి. వాళ్ళకు లేనిది ఇష్టం కాదు, ఇరవై నిమిషాల వెసులుబాటు. పొద్దున ఇడ్లీ పాత్ర పొయ్యి మీద నుంచి దించేది ఎవరన్నది తేలితే సగం వీధి బయటికొస్తుంది. వాకర్స్ క్లబ్బుల అన్నలూ, మీరు ఏళ్ళుగా నడుస్తున్నారు, సంతోషం. రేపటి నుంచి ఒక్కొక్కరు మీ ఇంట్లోంచి ఒకరిని వెంటబెట్టుకు రండి. రాలేని వాళ్ళుంటే ఆ పూట మీరు నడక మాని, పొయ్యి దగ్గర నిలబడి వాళ్ళను పంపండి.

ఈ సోమవారమే మొదలుపెట్టండి. మంచిరోజు చూడక్కర్లేదు. ముందు ముగ్గురు చాలు: చేయించేవాళ్ళు ఒకరు, వేళకు పిలిచేవాళ్ళు ఒకరు, రాని వాళ్ళ ఇంటికి వెళ్ళి కనుక్కునేవాళ్ళు ఒకరు. మూడో మనిషిని జాగ్రత్తగా ఎంచుకోండి, ఆ మనిషి మీదే అంతా ఉంది. మీ మండలంలో ఫిజియోథెరపిస్టు ఉంటే ఒక పూట పిలిపించుకుని అందరి తీరూ సరిచూపించుకోండి. నెలకు ఒకసారి చేయించేవాళ్ళు మారాలి, లేదంటే అది ఒకరి దుకాణమైపోతుంది. వీధిలో బెల్టు కట్టుకుని గుమ్మంలో కూర్చున్నవాళ్ళ పేర్లు ముందు రాసుకోండి. మొదటి వారం వాళ్ళ చేత ఏమీ చేయించక్కర్లేదు, వచ్చి నిలబడితే చాలు. స్థలం లేదంటారేమో, బడి ఆవరణ పొద్దున ఏడింటిదాకా ఖాళీయే. వానొస్తే పంచాయతీ ఆఫీసు వరండా ఉంది. తాళం ఎవరి దగ్గరుందో ఇవాళే కనుక్కోండి.